అగత్తి ఎయిర్‌పోర్టు: అంతా బరువు లెక్కే

లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి విమానం ఎక్కాలంటే ముందు మన వీధిలోని పోలీసు స్టేషన్‌కి వెళ్ళాలి. ఈ మాట చెబితే మా అత్తయ్య నమ్మలేదు. "మన దేశంలో ఊరే కదే! పాస్‌పోర్టు అక్కర్లేదంటావు, మళ్ళీ పోలీసులంటావేమిటి?" అంది. లక్షద్వీప్‌లో అడుగుపెట్టాలంటే బయటివాళ్ళకి ఎంట్రీ పర్మిట్ తప్పనిసరి. ఆ పర్మిట్‌కి పెట్టాల్సిన కాగితాల్లో మన మీద కేసులేమీ లేవని పోలీసులిచ్చే సర్టిఫికెట్ ఒకటి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాక ఒక కానిస్టేబుల్ ఇంటికొచ్చి మా ముగ్గురి ఆధార్‌లు చూశాడు. డెబ్బైకి దగ్గరపడిన అత్తయ్యని చూసి "అమ్మా, మీ మీద ఏమైనా కేసులున్నాయా?" అని నవ్వుతూనే అడిగాడు. ఆవిడ మాత్రం సీరియస్‌గా, ఊళ్ళో పొలం గట్టు తగాదా ఒకటి ఉండేదనీ, అది ఎప్పుడో రాజీ అయిపోయిందనీ మొదలుపెట్టింది. మా ఆయన మధ్యలో అడ్డుపడి టీ తాగించి పంపించారు.

ఈ పర్మిట్ గొడవ మీద ఇంటర్నెట్‌లో చాలామంది విసుక్కుంటారు. నాకు మాత్రం అది సబబే అనిపించింది. 1967లో చేసిన నిబంధనలవి. లక్షద్వీప్ అంటే మొత్తం 36 దీవులు, వాటిలో జనం ఉండేవి పదే. అన్నీ కలిపినా 32 చదరపు కిలోమీటర్ల నేల. 2011 జనాభా లెక్కల్లో అరవై నాలుగు వేల పైచిలుకు మనుషులు. తల్లిదండ్రులిద్దరూ దీవులవాళ్ళయి అక్కడే పుట్టినవాళ్ళు షెడ్యూల్డ్ తెగల కింద లెక్క. అంత చిన్న చోటుకి ఎవరు పడితే వాళ్ళు, ఎప్పుడు పడితే అప్పుడు దిగిపోతే ఆ నీళ్ళు, ఆ నేల, ఆ మనుషులు ఏమైపోవాలి?

చిక్కు ఎక్కడంటే, పర్మిట్‌లో తేదీలుంటాయి, వెళ్ళే దీవుల పేర్లుంటాయి. బస ఖాయమైతేనే పర్మిట్ పని కదులుతుంది. ఈలోపు విమానం సీట్లు అయిపోతుంటాయి. టికెట్ ముందా, పర్మిట్ ముందా అని అడిగితే ఒక్కో ఏజెంటు ఒక్కో మాట చెప్పాడు. మేము ముందు బస, తర్వాత పర్మిట్, చివర టికెట్ అని పెట్టుకున్నాం. టికెట్ కాస్త ఎక్కువే పడింది గానీ నిద్ర పట్టింది.

2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్ వెళ్ళి దిగిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ తర్వాతే ఈ దీవుల మీద జనానికి మోజు పెరిగింది. అదివరకు చాలా ఏళ్ళు కొచ్చి నుంచి అలయన్స్ ఎయిర్ ఒక్కటే దిక్కు. ఆ ఏడాదే బెంగళూరు నుంచి ఇండిగో, గోవా నుంచి ఫ్లై 91 మొదలయ్యాయి. ఎవరి విమానమైనా అగత్తికి వెళ్ళేది ఏటీఆరే, అంటే రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం. పెద్దవి అక్కడ దిగలేవు. మేము కొచ్చి మీదుగా వెళ్ళాం. అక్కణ్ణించి అగత్తి దాదాపు 459 కిలోమీటర్లు, గంటన్నర లోపు ప్రయాణం. అదే ఓడలో అయితే ఒక రాత్రి గడిచిపోతుంది.

కొచ్చిది, అంటే నెడుంబాస్సేరి ఎయిర్‌పోర్టు, పూర్తిగా సౌర విద్యుత్తుతో నడుస్తుందని, 2015 నుంచీ అంతేనని మా ఆయన దారిపొడుగునా చెబుతూ వచ్చారు. అంత పెద్ద టెర్మినల్లో అగత్తి కౌంటర్‌ని గుర్తుపట్టడానికి బోర్డు అక్కర్లేదు. అక్కడి సామాను చూస్తే చాలు. టేపు చుట్టిన అట్టపెట్టెలు, వాటి మీద మార్కర్‌తో మలయాళంలో రాసిన పేర్లు, మందుల సంచులు, మోటారు విడిభాగాలు, ఒకాయన చేతిలో పుట్టినరోజు కేకు డబ్బా. దీవుల్లో పండేది ప్రధానంగా కొబ్బరి, దొరికేది చేప. బియ్యం, ఉల్లిపాయలు, సిమెంటు, డీజిల్ అన్నీ ఓడల్లో రావాల్సిందే. ఓడ దాకా ఆగలేనివి ఇలా మనుషుల వెంట విమానంలో వెళతాయి.

కౌంటర్‌లో అమ్మాయి ముందు పర్మిట్ అడిగింది. అది లేకపోతే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. మా వెనకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లో ఏదో దరఖాస్తు నంబరు చూపిస్తే, ఆ అమ్మాయి మర్యాదగానే పక్కకి నిలబెట్టింది. దరఖాస్తు వేరు, పర్మిట్ వేరు. ఆ తర్వాత తూకం. లగేజీకి మనిషికి పదిహేను కిలోలు. మామూలు విమానాల్లో ఒకటి రెండు కిలోలు ఎక్కువైతే చూసీచూడనట్టు వదిలేసే సందర్భాలుంటాయి. ఇక్కడ ఆ మొహమాటాలు లేవు, చేతి సంచుల్ని కూడా తూచారు. అత్తయ్య సంచిలోంచి ఆవకాయ సీసా బయటపడింది. దాన్ని క్యాబిన్‌లోకి సెక్యూరిటీ వాళ్ళు రానివ్వరు, పెద్ద బ్యాగులో వేస్తే బరువు దాటుతుంది. "అక్కడ పచ్చళ్ళుంటాయత్తయ్యా" అన్నాను. "ఉంటే చేపల పచ్చడి ఉంటుంది, నేనేం తినాలి?" అంది. అది నిజమే. చివరికి నా చెప్పుల జత ఒకటి, మా ఆయన లావుపాటి పుస్తకం ఒకటి కొచ్చిలో తెలిసినవాళ్ళ డ్రైవర్ చేతికిచ్చి ఆవకాయకి చోటు చేశాం.

ఇంత పట్టింపు ఎందుకో తర్వాత అర్థమైంది. మన శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. అగత్తిది పన్నెండు వందల మీటర్ల పైచిలుకు, అంతే. 1988లో ఆ విమానాశ్రయం మొదలైనప్పుడు అది పట్టుమని ఇరవై మంది కూడా పట్టని డోర్నియర్ విమానాల కోసం కట్టింది. ఇప్పుడు డెబ్బై సీట్లకి పైన ఉన్న ఏటీఆర్ అదే నేల మీద దిగి, అదే నేల మీంచి లేవాలి. బరువు పెరిగేకొద్దీ లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఎండ ఎక్కువైతే గాలి పలచబడి ఇంకొంచెం దూరం కావాలి. రన్‌వే తడిస్తే ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం కావాలి. రన్‌వే పొడుగు మాత్రం మారదు కాబట్టి తగ్గించగలిగింది బరువొక్కటే. అందుకే సీట్లన్నీ నింపరు. మా విమానంలో కొన్ని వరుసలు ఖాళీగా ఉంటే, టికెట్ దొరక్క అంత అవస్థ పడ్డాం, ఈ సీట్లేమిటని మొదట ఒళ్ళు మండింది. ఎయిర్ హోస్టెస్‌ని అడిగితే "బరువు, మేడమ్" అని ఒక్క మాటలో తేల్చేసింది.

ఏటీఆర్ ఎక్కనివాళ్ళకి చెప్పాలి. మనుషులు వెనక తలుపులోంచి ఎక్కుతారు. సామాను ముందు భాగంలో, పైలట్ల గదికీ సీట్లకీ మధ్య పెడతారు. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా కింద కనిపిస్తుంది. ప్రొపెల్లర్ పక్క సీటు దొరికితే మాత్రం చెవులు గింగిర్లెత్తిపోతాయి. కొచ్చి తీరం దాటాక ఇక నీళ్ళే. మా పక్క వరుసలో అగత్తి ఆవిడ ఒకామె, ఎర్నాకుళంలో చదువుకునే కూతుర్ని చూసి వస్తోందట, కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతోంది. నాకొచ్చిన అరకొర హిందీ, ఆమెకొచ్చిన అరకొర హిందీ కలిపి కాసేపు మాట్లాడుకున్నాం. వానాకాలంలో ఓడలో వాంతులు చేసుకుంటూ వెళ్ళడం కన్నా ఇది నయమేనంది. ఎప్పుడైనా భయమేసిందా అంటే, "దిగేటప్పుడు నేను కిందకి చూడను" అంది.

నేను చూశాను. నల్లటి నీలంలోంచి హఠాత్తుగా లేత ఆకుపచ్చ నీళ్ళు మొదలయ్యాయి. వాటి చుట్టూ తెల్లగా నురగ గీత. అది పగడపు కట్ట. కోట్ల ఏళ్ళ కిందట అగ్నిపర్వతాలు కుంగిపోతుంటే, వాటి అంచుల్లో పగడాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పైకి పెరిగి ఇలా వలయాలయ్యాయని చదివాను. చదివింది వేరు, పైనుంచి చూడటం వేరు. అగత్తికి పడమట విశాలంగా లగూన్, అంటే పగడపు కట్ట లోపలి లోతు తక్కువ నీళ్ళు, తూర్పున కాస్త దూరంలోనే లోతు సముద్రం. మధ్యలో సన్నగా, కొబ్బరాకు ఈనెని నీళ్ళలో పడేసినట్టు దీవి. ఆ ఈనెకి దక్షిణపు కొసన రన్‌వే. అక్కడ దీవి ఎంత సన్నబడుతుందంటే రన్‌వేకి రెండు పక్కలా ఇసుక, ఆ వెంటనే నీళ్ళు. కొసలు రెండిట్లో ఒకటి సముద్రం వైపే. విమానం కిందకి దిగుతుంటే చివరి క్షణం దాకా కిటికీలో నేల కనిపించదు. ఇంకా నీళ్ళే, ఇంకా నీళ్ళే అనుకుంటుండగా దబ్బుమని చక్రాలు తగిలాయి, ఆ వెంటనే బ్రేకులు. అందరం సీటుబెల్టుల మీదకి వాలిపోయాం. అత్తయ్య "గోవిందా" అంది. ముందు సీటాయన తలతిప్పి చూసి నవ్వాడు.

చివరిదాకా వెళ్ళి, అక్కడే గిర్రున తిరిగి, వచ్చిన రన్‌వే మీదే వెనక్కొచ్చింది విమానం. పక్కన ఇంకో దారి లేదు. ఒక విమానం ఇలా తిరిగి వచ్చి పక్కకి తప్పుకునేదాకా ఇంకోటి దిగడానికి లేదు.

మెట్లు దిగి నడుచుకుంటూ టెర్మినల్లోకి వెళ్ళాం. టెర్మినలంటే మన జిల్లా కేంద్రంలోని బస్టాండులో సగం ఉంటుంది. లోపల ముందే పోలీసుల బల్ల. దీవులవాళ్ళు పలకరింపులతో, సామాను భుజాన వేసుకుని చకచకా వెళ్ళిపోయారు. మేమందరం వరసలో నిలబడ్డాం. పర్మిట్ ప్రతి ఒకటి తీసుకుని, ఎక్కడ ఉంటున్నారు, ఎప్పుడు వెళతారు, ఫోన్ నంబరెంత అని రిజిస్టర్లో రాసుకున్నారు. ఇక్కడ నా సలహా ఒకటి. పర్మిట్, ఆధార్ కాగితాల మీద ప్రింట్ తీసుకుని, ఒక్కోటి రెండు మూడు కాపీలు పెట్టుకోండి. కొచ్చి నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2024 జనవరిలో మొదలైంది, నెట్ మునుపటికన్నా బాగుందనే అంటారు. అయినా విమానం దిగిన మనుషులందరూ ఒకేసారి ఫోన్లు తెరిస్తే ఎవరి ఫోన్లోనూ ఏదీ తెరుచుకోలేదు. కాగితాలు పట్టుకున్నవాళ్ళం ముందు బయటపడ్డాం. ఇంకో మాట, సరిపడా నగదు కూడా దగ్గర ఉంచుకోండి.

మా వరసలోనే రాజమండ్రి నుంచి వచ్చిన కొత్త దంపతులు కనిపించారు. అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు అక్కణ్ణించే పడవలో బంగారం దీవికి వెళుతున్నారు. పేరు విని అత్తయ్య అది నిజంగా బంగారమేనా అని ఆరా తీసింది. ఆ అబ్బాయి మా ఆయన చెవిలో అడిగిన ప్రశ్నేమిటో నాకూ తెలుసు. లక్షద్వీప్‌లో మద్యనిషేధం ఉంది, ఆ ఒక్క బంగారంలోనే మినహాయింపు.

ఉన్న రోజుల గురించి పొడిగించను, అవన్నీ ఫొటోల్లో అందరూ చూసినవే. దీవి పొడుగునా ఒకటే పెద్ద రోడ్డు. కొన్ని చోట్ల ఆటోలో కూర్చుంటే కుడివైపూ ఎడమవైపూ సముద్రం కనిపిస్తుంది. నీటి సంగతి మాత్రం చెప్పాలి. ఇక్కడ నది లేదు, చెరువు లేదు. వాన నీళ్ళు ఇసుక కిందకి ఇంకి, ఉప్పునీటి మీద పలచగా తేలుతుంటాయి. ఎక్కువ తోడితే ఉప్పు పైకొస్తుంది. అందుకని సముద్రం పైనీటికీ లోతు నీటికీ ఉన్న వేడి తేడాతో మంచినీళ్ళు తీసే ప్లాంటు పెట్టారు. మొదటిది 2005లో లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో, తర్వాత 2011లో అగత్తిలో. రోజుకి లక్ష లీటర్లు దాని సామర్థ్యం. ఆ సంగతి విన్నాక అత్తయ్య బకెట్ స్నానం మానేసి చెంబులు లెక్కపెట్టుకుంది.

తిరుగు ప్రయాణం రోజున అసలు ఎయిర్‌పోర్టుని చూశాను. వచ్చేటప్పుడు అది మాకు ద్వారం మాత్రమే. వెళ్ళేటప్పుడు ఎంతోసేపు అందులోనే కూర్చోవాల్సొచ్చింది. ఏప్రిల్ చివరి రోజులు, ఉదయం నుంచే మబ్బు. లగూన్ మీద వాన తెరలా నడిచొస్తుంటే దూరం నుంచే కనిపించింది. విమానం ఇంకా కొచ్చిలోనే ఉందన్నారు. ఇక్కడ సర్వీసులన్నీ పగటిపూటే కాబట్టి, వాన మధ్యాహ్నం దాటేదాకా తగ్గకపోతే ఆ రోజుకి ఇక లేనట్టే.

సామాను తనిఖీలో ఒక కుటుంబం బ్యాగు తెరిపించారు. పిల్లాడి నిక్కరు జేబులో, బ్యాగు అడుగున తెల్లటి పగడపు ముక్కలు. ఒడ్డున పడి ఉన్నవేనని, చచ్చినవేనని ఆ తండ్రి వాదించాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పగడాలకి పులికున్నంత రక్షణ ఉందని ఆ ఉద్యోగి ఓపిగ్గా చెప్పింది. ముక్కలన్నీ తీయించి పక్కన పెట్టించింది. నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఈ దీవులు సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లే ఎత్తు. ఆ తెల్లటి ఇసుక కూడా పగడాల పొడే. విమానానికి ఇంతమంది చొప్పున జేబులో ఒక్కో ముక్క వేసుకుపోతే, అది మనిషికి చిన్నదే కావచ్చు, దీవికి కాదు.

హాల్లో మావంటి వాళ్ళం సగం మందిమి. మిగతా సగం అక్కడివాళ్ళు, వాళ్ళలో ఎక్కువమంది ఆసుపత్రి పని మీదే వెళుతున్నారు. చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, ఒళ్ళో ఎక్స్‌రే కవరు. నెలలు నిండుతున్న ఒకమ్మాయి, పక్కన తల్లి. ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్ ఉంది, అది ఇతర దీవుల నుంచీ రోగుల్ని తెస్తుంది. కానీ మామూలు పరీక్షలకీ, స్పెషలిస్టు డాక్టరుకీ ఈ విమానమో ఓడో, రెండే దారులు. కొచ్చిలో ఆ ఖాళీ సీట్లు చూసి విసుక్కున్నానని చెప్పానుగా, ఇక్కడ ఇంకో సంగతి తట్టింది. మేం ముగ్గురం ఆన్‌లైన్లో రేటు పెట్టి కొన్న సీట్లు కూడా ఈ లెక్కలోవే. పర్యాటకులు పెరిగేకొద్దీ టికెట్ ధర పెరుగుతుంది, ఎక్స్‌రే కవరు పట్టుకున్న ఆ పెద్దాయనకీ అదే ధర. కంపెనీలు మూడయ్యాక కాస్త నయమని ఆయన కొడుకు చెప్పాడు. మరి ఎయిర్‌పోర్టు పెంచుతారటగా అంటే భుజాలెగరేశాడు. రన్‌వేని పొడిగించి పెద్ద విమానాలు దింపాలన్న ఆలోచన ఎప్పటినుంచో ఉంది. దక్షిణాన కాస్త దూరంలోనే కల్పిట్టి అనే చిన్న దీవి ఉంది, అటువైపు పోవాలి. అంటే మధ్యలోని నీళ్ళ మీద కట్టాలి. "ఆసుపత్రికి వెళ్ళడానికి విమానం కావాలి, చేపలకి లగూన్ కావాలి" అన్నాడు. నేను మాత్రం పొడిగించకుండా రోజుకి ఇంకో చిన్న విమానం ఎక్కువ తిప్పితే చాలనుకుంటాను. నా మాట ఎవరడిగారు లెండి.

మధ్యాహ్నం వాన వెలిసింది. విమానం వస్తోందనగానే హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడే కౌంటర్ వాళ్ళొచ్చి, రన్‌వే తడిగా ఉంది, బరువు తగ్గించాలి, కొన్ని బ్యాగులు రేపటి విమానంలో పంపిస్తామన్నారు. మనుషుల్ని ఎవర్నీ దింపరట, అదే పదివేలు. దింపిన బ్యాగుల్లో మాదొకటి. అందులో ఎండు సూర చేప పొట్లం, కొబ్బరి బెల్లం, మా ఆయన తడి బట్టలు ఉన్నాయి. రసీదు రాసిచ్చారు. మందులు, కళ్ళజోళ్ళు, ఇంటి తాళాలు లాంటివి చేతి సంచిలోనే పెట్టుకోమని ఎవరో రాసింది ముందే చదివి ఉండబట్టి ఇబ్బంది పడలేదు. మీరూ అలాగే చేయండి. అగత్తి నుంచి నేరుగా ఇంకో విమానం పట్టుకునేలా టికెట్లు తీసుకోవద్దు, కొచ్చిలో ఒక రాత్రి ఉంచుకోండి. మేము అలా ఉండబట్టే మర్నాడు ఆ బ్యాగుని చేత్తో తీసుకుని హైదరాబాద్ విమానం ఎక్కగలిగాం.

పోలీసుల బల్ల దగ్గర మళ్ళీ ఆగాలి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారని రిజిస్టర్లో రాసుకుంటారు. చక్రాల కుర్చీ పెద్దాయనని అందరికన్నా ముందు ఎక్కించారు. ఏటీఆర్ మెట్లు ఇరుకు, కొడుకూ ఇంకొకాయనా కలిసి ఆయన్ని ఎత్తి లోపలికి తీసుకెళ్ళేదాకా మేమందరం తడి నేల మీద నిలబడ్డాం. ఈసారి అత్తయ్యకి కిటికీ సీటు వచ్చింది. ఇంజన్లు పూర్తి వేగం అందుకునేదాకా బ్రేకులు తొక్కి ఉంచి, ఒక్కసారిగా వదిలారు. రన్‌వే అయిపోకముందే లేచాం. వాన నీళ్ళ మధ్య ఎంత మిగిలిందో చూద్దామని వంగాను గానీ అత్తయ్య తల అడ్డొచ్చింది.